బెల్లం పానకంలో కారు తలుపులు

ఇనుముకు తుప్పు శత్రువని బడిలో చెప్పారు. మా ఇంట్లో ఇనుముకు అసలు శత్రువును నేనేనని నాలుగేళ్ల కిందటి వానాకాలంలో తేలింది. ఆ వానాకాలంలో ఒక కారును బాగుచేయబోయి నాలుగు తలుపులను, మూడు బస్తాల నల్లబెల్లాన్ని, మా బాపు పరువును ఒకే నీళ్ల హౌజులో ముంచాను. తేల్చడానికి ప్రభుత్వ జీపు రావలసి వచ్చింది. కంగారు పడకండి. ఎవరికీ ఏమీ కాలేదు, ఎవరూ జైలుకు పోలేదు. ఒక అధికారి బూటుకు మాత్రం కొంచెం కష్టం వచ్చింది. ఆ బూటుకు ఇప్పటికీ నా క్షమాపణలు.

మాది మోస్రా పక్కన ఒక ఊరు. నిజాంసాగర్ కాలువ నిండుగా వచ్చిన ఏడాది వరి, చెరకు. రాని ఏడాది బోరు, దిగులు. ఇవి కాక బాపు రెండెకరాల్లో పసుపు వేస్తాడు. పసుపు మంచి ధర పలికిన ఒక ఏడాది నిజామాబాద్‌లో సెకండ్‌హ్యాండ్ తెల్లకారు ఒకటి కొనుక్కొచ్చాడు. కారు అన్నది పేరుకే. బాపు చేతిలో పడ్డాక అది ఎడ్లబండి చేసే పనులన్నీ చేసింది, ఎద్దుల సాయం లేకుండా. పచ్చి పసుపు కొమ్ముల బస్తాలు మోసింది. ఒకసారి వెనక సీట్లో లేగదూడను కూడా పశువుల దవాఖానాకు తీసుకెళ్లింది. ఒకరోజు డిక్కీలో యూరియా బస్తా చిరిగింది. గుళికలు మ్యాటు కిందికి జారి, తేమకు కరిగి, అక్కడే కాపురం పెట్టాయి. పొలంలో యూరియా వేస్తే పంట ఏపుగా పెరుగుతుంది. కారులో పడితే తుప్పు అంతకన్నా ఏపుగా పెరుగుతుంది. దానికి తోడు బాపు పొలం నుంచి బురదకాళ్లతోనే స్టీరింగ్ ముందు కూర్చుంటాడు. కారుకు ఎరువూ నీళ్లూ రెండూ సమయానికి అందుతున్నాయన్నమాట.

ఆ కారుకు పదిహేనేళ్లు నిండాయి. ఆర్‌సీ మళ్లీ రాయించుకోవాలంటే నిజామాబాద్ ఆర్టీఓ ఆఫీసులో బండిని చూపించి పాస్ చేయించుకోవాలి. తేదీ కూడా దొరికింది, సరిగ్గా ఇరవై ఐదు రోజుల తరువాత.

"పాస్ గాకుంటే ఏమైతది?" అని అడిగింది అవ్వ. అవ్వ అంటే మా అమ్మ.

"ఏమైతది? పాతినుప సామానోడు పట్టుకపోతడు. ఇగ నేను గడపల కూసుంట," అన్నాడు బాపు.

ఇందులో అతిశయోక్తి లేదు. బాపు మోకాళ్లు అరిగిపోయాయి. బైకు ఎక్కాలంటే ఇద్దరు పట్టాలి, దిగాలంటే ముగ్గురు. పొలానికి పోవాలన్నా, నిజామాబాద్ యార్డులో పసుపు రాశి దగ్గర నిలబడి నలుగురితో మాట్లాడాలన్నా ఆ కారే ఆయన కాళ్లు. ఆ సాయంత్రం ఆయన బయటికి పోయి బానెట్ మీద చెయ్యి పెట్టి కాసేపు నిలబడ్డాడు. చూసేవాళ్లకు గుండె కరిగే దృశ్యం. చెయ్యి తీసేసరికి బానెట్ అంచు పెళ్ల ఒకటి చేతికి అంటుకుని వచ్చింది. దాంతో దృశ్యం ముగిసింది.

నేను అప్పటికి డిగ్రీ పూర్తిచేసి, ఉద్యోగం ఇంకా మొదలుకాని ఆ మధ్యకాలంలో ఉన్నాను. మనిషికి తెలివి అతిగా పొంగే కాలం అదే. కారును బోధన్‌లో డెంటింగ్ పని చేసే ఖదీర్ భాయ్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన బండి కింద పడుకుని, టార్చ్ వేసి, స్క్రూడ్రైవర్ వెనక భాగంతో అక్కడక్కడ కొట్టి, డాక్టరులా లేచి కూర్చున్నాడు.

"దేఖో బేటా, డోర్లది పైపై బీమారి. అసలు బీమారి కింద ఉన్నది. డ్రైవర్ దిక్కు ఫ్లోరు గుల్లయింది. కోసేసి కొత్త రేకు వెల్డింగ్ పెట్టాలె. పదిహేను దినాలు బండి నా కాడ ఇడ్సిపెట్టు."

"పదిహేను దినాలా! తుప్పే గద భాయ్, గీకితే పోతది."

"తుప్పంటే గజ్జి లెక్క బేటా. గోకితే పోదు, ఎక్కువైతది."

పదిహేను రోజులు బండి లేకపోతే ఎలా అని బాపు ఇంట్లో తల పట్టుకున్నాడు. నేను ఛాతీ ముందుకు పెట్టి, "బాపూ, నువ్వు పరేషాన్ గాకు. వారం దినాలల్ల నేనే జేస్త," అన్నాను. బాపు నా ముఖం చూశాడు. పొలంలో కొత్త మందు కొట్టే ముందు డబ్బా మీద చీటీని చూసినట్టు చూశాడు. అయినా ఒప్పుకున్నాడు. కన్నతండ్రికి ఉండే బలహీనతల్లో అది ఒకటి.

నా ధైర్యానికి కారణం ఫోన్‌లో చూసిన ఒక వీడియో. ఏ దేశమో తెలియదు, ఎవరో ముసలాయన తుప్పు పట్టిన ఇనుప సామాన్లను నల్లటి చెరకు మడ్డి కలిపిన నీళ్లలో నానబెట్టాడు. రెండు వారాలకు తీశాడు. కొత్త గిన్నెల్లా మెరుస్తున్నాయి. ఆయన మాట్లాడిన భాషలో నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆఖర్లో వేలు పైకెత్తి, ముఖం గంభీరంగా పెట్టి ఏదో నాలుగైదు మాటలు గట్టిగా చెప్పాడు. ఆశీర్వదిస్తున్నాడనుకున్నాను. హెచ్చరిస్తున్నాడని తరువాత తెలిసింది.

చెరకు మడ్డి అనగానే నా బుర్రలో దీపం వెలిగింది. చెరకు దేశంలో పుట్టి మడ్డి కోసం వెతకడమా! మడ్డి ఎక్కువగా ఉండే నల్లబెల్లం బోధన్‌లో దొరుకుతుంది కదా. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. నల్లబెల్లాన్ని మా వైపు ఎవరూ పాయసానికి కొనరు. దాన్ని నీళ్లలో పులియబెట్టి, పటిక వేసి, గుడుంబా కాస్తారు. అంటే దొంగసారా. ఈ సంగతి మా జిల్లాలో పసిపిల్లలకు కూడా తెలుసు. నాకూ తెలుసు. కానీ తెలిసిన సంగతి సమయానికి గుర్తుకురావడం వేరే విద్య, అది డిగ్రీలో చెప్పలేదు.

బోధన్‌లో ఒక దుకాణానికి వెళ్లాను. "సేటూ, నల్లబెల్లం మూడు బస్తాలు గావాలె."

సేటు కుడివైపు చూశాడు, ఎడమవైపు చూశాడు, తరువాత నన్ను చూశాడు. "ఎందుకు?"

"కారుకు."

"కారుకా?"

"అవు. నాలుగు డోర్లకు, ఇంకేమన్న మిగిల్తే బానెట్‌కు."

"మరి పటిక గూడ ఇయ్యాల్నా?"

"పటికెందుకు సేటు?"

"ఏం లేదు తమ్మీ. ఇది అడిగినోళ్లు అది గూడ అడుగుతరు." లోపలికి మరాఠీలో ఏదో కేక వేసి బస్తాలు తెప్పించాడు. నా పేరు, ఊరు, ఫోన్ నంబరు అన్నీ ఒక చీటీ మీద రాసుకున్నాడు. పాత కస్టమర్‌లా ఎంత మర్యాద చేస్తున్నాడో అని మురిసిపోయాను.

మరునాడే పని మొదలుపెట్టాను. నాలుగు తలుపులూ విప్పాను. అద్దాలు, రబ్బర్లు, లాకులు తీశాను. హ్యాండిళ్లు మాత్రం రాలేదు. 'ఉంటే ఉన్నాయిలే, అవీ ఇనుమే కదా' అనుకున్నాను. అవి ఇనుము కాదు. రెండు రోజులు కూర్చుని తలుపుల కింది సగం పెయింటంతా గీకేశాను. తరువాత ట్రాక్టర్‌లో వేసుకుని బాయికాడికి, అంటే పొలంలో బావి దగ్గరికి, తీసుకెళ్లాను. అక్కడ బోరు నీళ్లు పట్టే సిమెంటు హౌజు ఉంది. అందులో బెల్లం కరిగించి, తలుపులు నిలువుగా దింపి, పైన నీలం ప్లాస్టిక్ బరకం కప్పి, బరకం ఎగరకుండా చుట్టూ రాళ్లు పెట్టాను. ఎవరికీ కనబడకుండా, ఊరికి దూరంగా, బరకం కింద పులుస్తున్న నల్లబెల్లం. ఇంకా నయం, పక్కన బోర్డు పెట్టలేదు.

ఇంటికి రాగానే బాపు వాకిట్లో నిలబడి ఉన్నాడు.

"ఏందిరా గిది? కారు డోర్లేవి?"

"బాయికాడ ఉన్నయ్ బాపు."

"బాయికాడ ఏం జేస్తున్నయ్?"

"నానుతున్నయ్."

"నానుడేందిరా, అవేమన్న శనగలా?"

విషయం మొత్తం విడమరిచి చెప్పాను. బాపు మధ్యలో అడ్డు రాలేదు. అంతా విని, తలుపుల్లేని కారెక్కి, తలుపు వేసుకోవడానికి అలవాటుగా చెయ్యి చాపి, గాలిని లాగి, ఏమీ జరగనట్టు పొలానికి పోయాడు. పది రోజులు అలాగే తిరిగాడు. "గాలి మస్తు ఒస్తున్నది," అన్నాడు ఒకరోజు. ఆయన మంచితనం అలాంటిది. లేదా కోపం అలాంటిది. నాకు ఇప్పటికీ తేడా తెలియదు.

అయిదో రోజుకు హౌజులో నురగ లేచింది. ఏడో రోజుకు వాసన లేచింది. బరకం కింద గుడగుడమని చప్పుడు. గాలి ఊరి వైపు వీచింది. ఎనిమిదో రోజు పొద్దున బాయికాడికి పోయేసరికి మా ఊరి సాయిలు తాత హౌజు గట్టు మీద కూర్చుని ఉన్నాడు. చేతిలో స్టీలు గ్లాసు.

"ఎన్నడు దించుతవు బిడ్డా?"

"తాతా, నువ్వనుకునేది గాదు. అండ్ల కారు డోర్లున్నయ్."

తాత బరకం ఎత్తి చూశాడు. నురగలో తేలుతున్న హ్యాండిల్‌ను చూశాడు. ముఖంలో గౌరవం కనిపించింది.

"ఎనుకట కిక్కు కోసం బ్యాటరీలేస్తుండె. ఇప్పుడు డోర్లేస్తుండ్రా?"

"అయ్యో తాతా, తుప్పు పోవుటానికి నానబెట్టిన."

"మా కడుపుల తుప్పు గూడ పోతది గద. ఒక్క గిలాస ముందుగాల నాకియ్యి."

ఆయనను పంపించేసరికి పొద్దు పోయింది. కానీ ఆ గ్లాసు ఊరంతా తిరిగి ఏం చెప్పిందో ఏమో, తొమ్మిదో రోజు మధ్యాహ్నం బాయికాడికి జీపు వచ్చింది. బెల్లం ఉన్నచోట ఈగలు ముసురుతాయంటారు. మా బెల్లం దగ్గర ఎక్సైజ్ వాళ్లు ముసిరారు.

ఎస్సై సారు నిదానంగా దిగాడు. కేకలు లేవు, లాఠీలు లేవు. చేతిలో ఒక చీటీ ఉంది, దాని మీద నా పేరు, ఊరు, నంబరు. సేటు మర్యాద అప్పుడు పూర్తిగా అర్థమైంది.

"నువ్వేనా గంగాధర్?"

"అవును సార్."

"బరకం తియ్యి."

తీశాను. ఇద్దరు కానిస్టేబుళ్లు ముక్కు మూసుకుని తొంగిచూశారు.

"సార్, డోర్లున్నయ్," అన్నాడు ఒకాయన.

"ఏం డోర్లు?"

"కారు డోర్లు సార్. నాలుగున్నయ్."

ఎస్సై సారు హౌజును చూశాడు, నన్ను చూశాడు. "నా సర్వీసుల అడవిల చూసిన, గడ్డివాముల చూసిన, గోబర్ గ్యాస్ గుంతల గూడ చూసిన. డోర్లెందుకేసినవ్ రా అండ్ల?"

"తుప్పు పోతది సార్. వీడియో చూపిస్త." ఫోన్ తీశాను. బాయికాడ సిగ్నల్ లేదు. తెర మధ్యలో చిన్న గుండ్రం తిరుగుతూనే ఉంది. అది తిరిగినంతసేపూ ముగ్గురు అధికారులూ ఓపికగా దాన్నే చూశారు. ఇంతలో తలుపుల్లేని కారులో బాపు వచ్చాడు. సారు ఆ కారును చూశాడు. నా వాంగ్మూలానికి దొరికిన మొదటి సాక్షి అదే.

"పెద్దమనిషీ, నీ కొడుకు చెప్పేది నిజమేనా?"

"నిజమే సార్," అన్నాడు బాపు. "సారా కాసే తెలివుంటే గిట్లెందుకుంటడు?"

నిజంగా నన్ను కాపాడింది ఆ మాటే. ఒక తలుపు బయటికి తీసి చూపించమన్నారు. నేనూ ఒక కానిస్టేబులూ కలిసి లాగాము. నల్లటి పానకం కారిపోయాక చూస్తే, నమ్మండి, గీకిన చోటల్లా బూడిదరంగు ఇనుము తళతళలాడుతోంది. తుప్పు మచ్చ లేదు. కానిస్టేబుల్ వేలితో రాసి, "సార్, మా బైకు సైలెన్సర్‌కు గూడ..." అని మొదలుపెట్టి, సారు చూపు చూసి ఆపేశాడు.

"ఇనుము సంగతి మంచిగనే ఉన్నది," అన్నాడు సారు. "కానీ బెల్లం పులిసింది. పులిసినంక అండ్ల డోర్లున్నయా, దేవుడున్నడా అని మాకు లెక్క లేదు. పారబొయ్యాలె." హౌజు తూము తీయించాడు. మూడు బస్తాల పానకం పొలం గట్టు వెంబడి పారింది. వెళ్లేముందు నాచేత కాగితం రాయించాడు. 'నేను కారు తలుపులను బెల్లంలో నానబెట్టితిని, ఇకమీదట నానబెట్టను' అని. ఆ ఆఫీసులో అలాంటి కాగితం అదొక్కటే ఉండి ఉంటుంది.

అవమానం సరే, తలుపులు మెరిశాయి కదా! నాలుగింటినీ షెడ్డు గోడకు వరుసగా నిలబెట్టాను. జీపు వచ్చిందని చూడవచ్చిన వాళ్లంతా తలుపుల్ని చూసి అబ్బురపడ్డారు. చూశావా నా పనితనం అని ఖదీర్ భాయ్‌కి ఫోన్ చేశాను.

"సబ్బుతోని కడిగినవా?" అన్నాడు ఆయన.

"లేదు."

"ఆరబెట్టినవా?"

"ఎండ లేదు భాయ్, మబ్బు పట్టింది."

"అరె మియా! బట్టల్లేని ఇనుమది. కడిగి, తుడిచి, ఎంబడే రెడ్ ఆక్సైడ్ రంగు కొట్టాలె. ఒక్క దినం గూడ ఉంచకు."

"రేపు కొడ్త భాయ్. ఇంక కొంతమంది చూసేటోళ్లున్నరు."

ఆ రాత్రి సన్నగా జల్లు పడింది. పొద్దున లేచి చూస్తే నాలుగు తలుపులూ నారింజ రంగులో ఉన్నాయి. పాత తుప్పు అక్కడక్కడ మచ్చలుగా ఉండేది. కొత్త తుప్పు సాపుగా, సమంగా, ఎక్కడా వదలకుండా పట్టింది. ఎవరైనా డబ్బులిచ్చి వేయించుకున్నా అంత నీటుగా రాదు. హ్యాండిళ్లయితే మరీ ఘోరం. బెల్లం ఇనుమును తినదు కానీ వాటిని పోతపోసిన మెత్తటి లోహాన్ని తింటుందట. వీడియో తాత వేలెత్తి చెప్పిన మాట అదే అయి ఉండాలి. చేతితో ముట్టుకుంటే చాయ్‌లో ముంచిన బిస్కెట్‌లా విరిగాయి. మోచేతికి బెల్లం రాసినట్టు అంటారు చూడండి, నాకొచ్చిన లాభం కచ్చితంగా అంతే.

తలుపులను ట్రాక్టర్‌లో వేసుకుని ఖదీర్ భాయ్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన నవ్వలేదు. అది ఇంకా బాధ. గీకుడు కాగితంతో రుద్దించి, తుడిపించి, రెడ్ ఆక్సైడ్ కొట్టించి, పాత హ్యాండిళ్లు వెతికి బిగించాడు. ఫ్లోరు సంగతి మళ్లీ ఎత్తాడు. నేను వినలేదు. తలుపులతో నేను అంత కష్టపడ్డాక, మిగతా కారు కాస్త సిగ్గుపడి సర్దుకుంటుందనుకున్నాను.

అనుకున్న తేదీకి నిజామాబాద్ వెళ్లాము. తెల్లటి ఒళ్లు, ఎర్రటి తలుపులు. ఇన్‌స్పెక్టర్ సారు లైట్లు చూశాడు, హారన్ కొట్టి చూశాడు. తలుపులు తెరిచి, మూసి, "మంచిగున్నయ్," అన్నాడు. నేను బాపు వైపు గర్వంగా చూశాను. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని, ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. సారు డ్రైవర్ సీట్లో కూర్చున్నాడు. బ్రేకు గట్టిగా తొక్కాడు.

బ్రేకు పనిచేసింది. మడమ కింద ఫ్లోరు పనిచేయలేదు. కరకరమని అప్పడం విరిగినట్టు చప్పుడైంది. కారు కింద, ముందు టైరు పక్కన, నల్లటి బూటు ఒకటి నిజామాబాద్ నేల మీద ఆనింది.

"బాబూ," అన్నాడు సారు పైనుంచి, ఎంతో ప్రశాంతంగా. "నా కాలు ఎక్కడున్నది?"

"బయట ఉన్నది సార్," అన్నాను. అబద్ధం చెప్పి లాభం లేదు.

ఇద్దరం కలిసి కాలు మెల్లగా పైకి లాగాము. కాలికి ఏమీ కాలేదు, బూటు మీద మాత్రం ఒక గీత. నేను తొమ్మిది రోజులు నానబెట్టింది నానబెట్టడానికి వీలైన వాటిని. తుప్పు మాత్రం కదలకుండా కింద కూర్చుని నా పనితనం చూస్తూ ఉంది. సారు మంచివాడు. "ఫ్లోరు జేపిచ్చుకొని తీస్కరాండ్రి, ఇంకోసారి చూస్త," అన్నాడు. బాపు తిరుగు దారంతా ఒక్క మాట మాట్లాడలేదు. ఫ్లోరు బొక్కలోంచి రోడ్డు మాత్రం మాట్లాడుతూనే ఉంది. ఎడపల్లి దాటాక నేనే అన్నాను: "బాపూ, ఖదీర్ భాయ్ కాడ ఇడ్సిపెడ్దం."

"బండినా, నిన్నా?" అన్నాడు.

ఇద్దరినీ వదిలిపెట్టాడు. పదిహేను రోజులు నేను ఖదీర్ భాయ్ చేతికింద పనిచేశాను. కుళ్లిన రేకును మంచి ఇనుము తగిలేదాకా కోయాలని, కొత్త రేకు అతికించాక అతుకుల్లో నీళ్లు దిగకుండా పూత పూయాలని, రెడ్ ఆక్సైడ్ ఆరనిచ్చి కింద తారులాంటి మందపాటి కోటింగ్ కొట్టాలని నేర్చుకున్నాను. తలుపుల అడుగున చిన్న తూట్లు ఉంటాయి, అవి లోపలికి దిగిన వాన నీళ్లు పోవడానికట. వాటిలో పుల్ల పెట్టి తిప్పితే మూడేళ్ల మట్టి బయటికి వచ్చింది. "నానబెట్టుడు సులువు బేటా," అన్నాడు ఖదీర్ భాయ్, "ఆరబెట్టుడే పని."

రెండోసారి అదే సారు. ఈసారి సీట్లో కూర్చునే ముందు ఫ్లోరు మీద చేత్తో కొట్టి చూశాడు. తరువాత ఒక్క బూటు పెట్టాడు. తరువాత రెండోది. గట్టిగా తొక్కాడు. ఏమీ కాలేదు. బాపు వదిలిన ఊపిరికి నా చొక్కా ఎగిరింది. సారు కాగితం మీద పాస్ అని రాసి, దిగి తలుపు వేశాడు.

తలుపు అడుగు నుంచి నల్లచీమల బారు ఒకటి క్రమశిక్షణతో బయటికి వచ్చింది.

జేబులో పెట్టుకోబోతున్న సారు కలం ఆగింది. నా గుండె కూడా. తలుపు మడతల్లో, ఎంత కడిగినా పోని చోట, బెల్లం మిగిలి ఉంది.

"ఏందయ్యా, బండ్ల చీమలేంది?"

నేను నోరు తెరిచేలోపు బాపు ముందుకొచ్చాడు. "మావోడు ఈ బండికి బెల్లం వెట్టి సాకిండు సార్," అన్నాడు.

సారు ఇంకేమీ అడగలేదు. అది ఆయన అదృష్టం, నాది కూడా. బాపు కారెక్కి తలుపు లాగాడు. ఈసారి చేతికి తలుపే దొరికింది. దాన్ని ఒకసారి వేసి, తీసి, మళ్లీ వేశాడు. అవసరం లేకపోయినా.

కాబట్టి ఆ చీమల సాక్షిగా, తొక్కినా విరగని ఆ ఫ్లోరు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఇనుముకు గీకుడు కాగితం, రెడ్ ఆక్సైడ్ తప్ప వేరే నైవేద్యం పెట్టను. నెలకొకసారి మ్యాట్లు ఎత్తి ఎండబెడతాను. యూరియా బస్తాను కారెక్కనివ్వను. బెల్లాన్ని మనుషులకు మాత్రమే, అదీ అడిగితేనే పెడతాను. ఈ ప్రమాణాన్ని ఇంటికి వచ్చాక అవ్వ ముందు నిలబడి, కుడిచెయ్యి చాచి, పెద్దగా చదివాను. అవ్వ శ్రద్ధగా అంతా విన్నది. విని, వంటింట్లోకి పోయి, బెల్లం డబ్బాను పై అరలోకి మార్చింది.